కెమెరా వణుకు ఆరు విధాలు

కొత్తగా గింబల్ కొన్నవాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు. మోటార్లు పనిచేస్తున్నాయి, కెమెరా ఒరగకుండా నిలబడే ఉంది, అయినా ఫుటేజీ కంప్యూటర్లో వేసి చూస్తే నడిచిన ప్రతి అడుగూ లెక్కపెట్టేలా కనిపిస్తోంది. దూరాన ఉన్న గోపురం స్థిరంగా ఉంది, దగ్గరి స్తంభం మాత్రం పైకీ కిందికీ ఊగుతోంది. పరికరం పాడైందేమోనని దుకాణానికి పట్టుకెళ్తారు. వాళ్లు ఏవో సెట్టింగులు మార్చి ఇస్తారు. ఇంటికొచ్చి చూస్తే మళ్లీ అదే ఊగు. నిజానికి పరికరంలో లోపమేమీ లేదు. ఏ కదలికను ఆపడానికి తయారు చేశారో దాన్ని అది ఆపుతూనే ఉంది. ఈ ఊగు దాని పరిధిలోకి రాదు, అంతే.

పెళ్లిళ్లు తీసేవాళ్లూ, యాడ్‌లూ వెబ్ సిరీస్‌లూ చేసేవాళ్లూ అప్పుచేసి మరీ ఈ సామగ్రి కొంటున్నారు. ఒకటి పనికిరాలేదని ఇంకొకటి, దాని మీద మరొకటి. ఏ వణుకు ఎక్కణ్ణుంచి వస్తోందో ముందే తెలిస్తే ఇందులో సగం ఖర్చు తప్పేది. అందుకే బ్రాండ్ల జోలికి పోయేముందు కాసేపు భౌతికశాస్త్రం మాట్లాడుకుందాం.

చేతిలో ఉన్న కెమెరా ఆరు విధాలుగా కదులుతుంది. ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ, పైకీ కిందికీ జరగడం మూడు విధాలు. ఉన్నచోటనే తిరగడం మరో మూడు: పక్కకు తిరిగితే పాన్, పైకో కిందికో వాలితే టిల్ట్, ఫ్రేము ఒక వైపుకు ఒరిగితే రోల్. మూడు మోటార్ల గింబల్ అదుపు చేసేది ఈ తిరిగే కదలికల్నే. దాని మోటార్లు కెమెరాను తిప్పగలవు గానీ ఎత్తి దించలేవు. కాబట్టి జరిగే కదలికలు మూడూ నేరుగా లెన్సు దాకా వచ్చేస్తాయి.

ఈ రెండు జాతులకూ తెర మీద ఎంత తేడా ఉంటుందో ఒక లెక్క వేసి చూడవచ్చు. సూపర్ 35 సెన్సరు, దాని ముందు 50 ఎంఎం లెన్సు అనుకుందాం. 10 మీటర్ల దూరంలో అది సుమారు 5 మీటర్ల వెడల్పును చూస్తుంది. ఆ 5 మీటర్లూ హెచ్‌డీ ఫ్రేములో 1,920 పిక్సెళ్లుగా పరుచుకుంటాయి. కెమెరా 1 సెంటీమీటరు పైకి జరిగితే, 10 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి తెర మీద 4 పిక్సెళ్లు కూడా కదలడు. అదే మనిషి 1 మీటరు దూరంలో ఉంటే ఆ ఒక్క సెంటీమీటరుకే 38 పిక్సెళ్లు కదులుతాడు. తిరిగే కదలికకు దూరంతో నిమిత్తం లేదు. కెమెరా డిగ్రీలో పదో వంతు తిరిగితే దగ్గరి వస్తువైనా, దూరపు కొండైనా దాదాపు 7 పిక్సెళ్లు జరుగుతాయి. లెన్సు 85 ఎంఎం అయితే అది 11 పిక్సెళ్లు దాటుతుంది, 24 ఎంఎం అయితే 3 దగ్గరే ఉంటుంది. 4కె ఫ్రేములో ఈ అంకెలన్నీ రెట్టింపు.

నడిచేటప్పుడు మనిషి శరీరం అడుగడుక్కీ సుమారు 4 నుంచి 5 సెంటీమీటర్లు పైకి లేచి దిగుతుంది. పెళ్లికూతురి ముఖానికి మీటరు దూరంలో ఉండి, ఆమెతోపాటు వెనక్కి నడుస్తూ తీసే షాట్‌లో ఆ 4 సెంటీమీటర్లే 150 పిక్సెళ్ల ఊగుగా మారుతాయి. మండపం మొత్తాన్ని దూరం నుంచి తీసే వైడ్ షాట్‌లో అవే అడుగులు కంటికి ఆనవు. ఒకే ఆపరేటరు, ఒకే గింబల్, ఒకే నడక; ఒక షాట్ అద్భుతంగా, ఇంకోటి పనికిరాకుండా రావడానికి కారణం ఇదే.

మరి నడుస్తున్న మనకు లోకం ఎందుకు ఊగదు? లోపలి చెవిలో ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలున్నాయి. తల ఎటు తిరిగినా అవి పసిగట్టి కంటి కండరాలకు కబురు పంపుతాయి, కనుగుడ్లు అంతే మేరకు ఎదురు దిశలో తిరుగుతాయి. ఇదంతా సెకనులో సుమారు వందో వంతు కాలంలో జరిగిపోతుంది. ఆపైన మిగిలిన కాస్త కదలికను మెదడు సర్దుకుంటుంది. కెమెరాకు ఈ ఏర్పాటు లేదు. అందుకే అక్కడ నిలబడి చూసినప్పుడు బాగున్న దృశ్యం, తీసుకొచ్చి తెర మీద వేస్తే ఊగిపోతుంది.

ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన కిటుకు

1970ల తొలి సంవత్సరాల దాకా కదిలే షాట్ కావాలంటే సినిమావాళ్లకు పట్టాలు పరచి ట్రాలీ తోయడమో, క్రేన్ ఎక్కడమో, కెమెరాను భుజాన వేసుకుని నడవడమో తప్ప వేరే దారి లేదు. మెట్ల మీద ట్రాలీ ఎక్కదు. భుజాన వేసుకుంటే ఊగు తప్పదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో యాడ్ సినిమాలు తీసుకునే గ్యారెట్ బ్రౌన్‌కు వందల కిలోల బరువున్న సొంత ట్రాలీ ఉండేది. దాన్ని మోసుకు తిరగలేకే ఆయన వేరే దారి వెతికాడు.

ఆయనకు దొరికిన సూత్రం మన పల్లెల్లో కావడి మోసినవాళ్లకు ఒంటికి తెలిసిన సంగతే. కావడి బద్దకు రెండు కొసలా నీళ్ల కడవలు వేలాడుతున్నప్పుడు దాన్ని చటుక్కున తిప్పడం కుదరదు. ఒకసారి తిరగడం మొదలుపెట్టాక చటుక్కున ఆపడమూ కుదరదు. బరువంతా మధ్యలో మూటకట్టి ఉంటే ఇంత మొండితనం ఉండదు. భౌతికశాస్త్రంలో దీని పేరు జడత్వ భ్రామకం: బరువు మధ్యబిందువుకు ఎంత దూరంలో ఉందో ఆ దూరపు వర్గాన్ని బట్టి అది పెరుగుతుంది. దూరం రెట్టింపైతే తిరగడానికి వచ్చే ప్రతిఘటన నాలుగు రెట్లవుతుంది.

బ్రౌన్ కెమెరాను నిలువు గొట్టం పై కొసన పెట్టాడు. బ్యాటరీనీ చిన్న మానిటరునూ కింది కొసకు దించాడు. వాటి ఉమ్మడి గురుత్వ కేంద్రానికి కాస్త పైన, ఎటంటే అటు జారిపోయే గింబల్ బేరింగు బిగించాడు. దాంతో ఆపరేటరు శరీరం ఎంత తిరిగినా ఆ తిరుగుడు బేరింగు దగ్గరే ఆగిపోతుంది. కెమెరాకు అందేది వేలికొసల స్పర్శ మాత్రమే. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి ఉన్నంతకాలం తల కదలిక కెమెరాకు చేరుతూనే ఉంటుంది. కాబట్టి కన్నునూ కెమెరానూ విడదీయాలి. తొలి నమూనాల్లో ఆయన ఫైబర్ ఆప్టిక్ తీగతో బొమ్మను కంటి దాకా తెచ్చుకున్నాడు, తర్వాత వీడియో మానిటరు పెట్టుకున్నాడు. ఆ మానిటరే కింద బరువుగా కూడా పనికొచ్చింది.

ఇంతవరకూ ఆగింది తిరుగుడే. ఎగుడుదిగుడు సంగతి చూసుకునేది స్ప్రింగుల చేయి. మామూలు స్ప్రింగును ఎంత సాగదీస్తే అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. దాన్ని నేరుగా వాడితే చేయి ఒకే ఒక్క ఎత్తు దగ్గర సరిగ్గా మోస్తుంది, పైకి పోతే వదులవుతుంది, కిందికి పోతే ఎగదన్నుతుంది. నాలుగు కడ్డీలను సమాంతర చతుర్భుజంలా కూర్చి, ఆ చట్రంలో స్ప్రింగును ఏటవాలుగా బిగిస్తే కథ మారుతుంది. చేయి కిందికి దిగేకొద్దీ స్ప్రింగు లాగుడు పెరుగుతుంది, కానీ అది లాగే కోణం మారి, ఆ లాగుడులో బరువును ఎత్తడానికి పనికొచ్చే పాలు తగ్గుతుంది. ఒకటి పెరిగినంత మేరకు ఇంకోటి తరగడంతో, ఏ ఎత్తులోనైనా ఎత్తే బలం ఇంచుమించు ఒకటే ఉంటుంది. కెమెరా గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. నడకలో మనం సెకనుకు దాదాపు రెండు అడుగులు వేస్తాం. ఈ చేయి తనంత తాను ఊగే లయ అంతకంటే చాలా నెమ్మది. అందువల్ల అడుగుల కుదుపు చేతిలోనే అరిగిపోతుంది. ఒంటికి బిగించుకుని చేతిని మోసే వెస్టు ఆ బరువును భుజాల మీద నిలవనీయకుండా తుంటి ఎముకల మీదికి దింపుతుంది.

ఈ పరికరంతో తీయగల అసాధ్యమైన షాట్లన్నీ కలిపి బ్రౌన్ ఒక రీలు తయారుచేశాడు. యంత్రాన్ని మాత్రం ఎక్కడా చూపించలేదు. దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ ఆ రీలు చూసి మెచ్చుకుంటూనే, ఒకచోట కొన్ని ఫ్రేముల్లో నేల మీద పరికరం నీడ పడిందనీ, రహస్యం దాచాలంటే ఆ ముక్క కత్తిరించమనీ కబురు పంపాడు. ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం మెట్ల మీద బ్రౌన్ స్నేహితురాలు పరుగెత్తే షాట్ కూడా ఆ రీలులోదే. 'రాకీ' సినిమాలో హీరో ఎక్కిన మెట్లు అవే. సినిమా ప్రొడక్ట్స్ అనే కంపెనీ స్టెడీక్యామ్ పేరుతో బ్రౌన్ పరికరాన్ని తయారుచేసింది. 1976లో దాన్ని వాడిన 'మారథాన్ మ్యాన్', 'రాకీ', 'బౌండ్ ఫర్ గ్లోరీ' మూడూ విడుదలయ్యాయి. వీటిలో ముందు చిత్రీకరణ జరిగింది 'బౌండ్ ఫర్ గ్లోరీ'కి. అందులో ఒక షాట్‌లో క్రేన్ మీద నుంచి కిందికి దిగిన బ్రౌన్, ఆగకుండా క్రేన్ వదిలి వందలాది జనం మధ్యకు నడిచి వెళ్లిపోయాడు. 1978లో ఈ ఆవిష్కరణకు ఆస్కార్ దక్కింది.

తర్వాత వచ్చిన వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది 'ద షైనింగ్' (1980). చిన్న పిల్లవాడు మూడు చక్రాల సైకిలు తొక్కుతూ హోటలు వరండాల్లో తిరుగుతుంటాడు. కెమెరా నేలకు జానెడెత్తున, పిల్లవాడి వెనకే పోతుంది. అంత కిందికి దించడానికి బ్రౌన్ రిగ్‌ను తలకిందులు చేసి, చక్రాల కుర్చీని కూడా వాడుకున్నాడు. చక్రాలు తివాచీ మీద పోతుంటే నిశ్శబ్దం, చెక్క నేల మీదికి రాగానే చప్పుడు; ఆ చప్పుడుతో సహా భయం మన ఒంట్లోకి ఎక్కుతుంది. 'రిటర్న్ ఆఫ్ ద జెడై' (1983)లో కాలిఫోర్నియా అడవిలో వాహనాలు చెట్ల మధ్య దూసుకుపోయే దృశ్యానికి వెనక పరిచినవి ఆయన నిదానంగా నడుస్తూ తీసిన ఫ్రేములే. సెకనుకు ముప్పావు ఫ్రేము చొప్పున తీసి, 24 ఫ్రేముల వేగంతో వేస్తే నడక 32 రెట్లు వేగమవుతుంది. గంటకు 5 కిలోమీటర్ల నడక 160 కిలోమీటర్ల పరుగైపోతుంది. 2001 డిసెంబర్ 23న సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటాజ్ మ్యూజియంలో టిల్మన్ బ్యూట్నర్ 90 నిమిషాలకు పైగా ఆగకుండా స్టెడీక్యామ్ మోసి 'రష్యన్ ఆర్క్' మొత్తాన్ని ఒకే షాట్‌లో తీశాడు. మొదటి ప్రయత్నాలు మధ్యలోనే ఆగిపోగా నాలుగోది నెగ్గింది.

తెలుగులో స్టెడీక్యామ్ అనగానే గుర్తొచ్చేది రామ్‌గోపాల్ వర్మ తీసిన 'శివ' (1989). ఎస్. గోపాలరెడ్డి ఛాయాగ్రహణం. పాత్రల వెంట కెమెరా కూడా నడవడం, పరుగెత్తడం ఎంత ఉద్వేగాన్ని పుట్టించగలదో ఆ సినిమాతో మన ప్రేక్షకులకు తెలిసింది, మన కెమెరామెన్‌కు ఇంకా బాగా తెలిసింది.

మోటార్ల రోజులు

2013లో ఫ్రీఫ్లై అనే అమెరికన్ కంపెనీ మూవీ ఎం10 అనే గింబల్ తెచ్చింది. డ్రోన్ల కింద కెమెరా వేలాడదీయడానికి పెరిగిన పరిజ్ఞానాన్ని చేతికి అందించడమే అది చేసిన పని. మరుసటి ఏడు డీజేఐ కంపెనీ రోనిన్ వచ్చింది, 2018లో ఒంటి పిడితో రోనిన్ ఎస్ వచ్చింది. అప్పటి నుంచి మన ఊళ్ల పెళ్లిళ్లలో గింబల్ లేని బృందం అరుదైపోయింది.

దీని గుండెకాయ జైరో అనే చిన్న సిలికాన్ ముక్క. అందులో కంటికి ఆనని ఒక భాగం ఎప్పుడూ కంపిస్తూ ఉంటుంది. కెమెరా తిరిగితే కోరియోలిస్ బలం ఆ కంపనాన్ని పక్కకు నెడుతుంది. బంగాళాఖాతంలో తుఫానును సుడి తిప్పేదీ ఆ బలమే. పక్కకు ఎంత నెట్టిందో కొలిచి, ఎంత వేగంగా తిరుగుతోందో చిప్పు లెక్కగడుతుంది. దానికి జతగా భూమ్యాకర్షణ ఏ దిశలో ఉందో చెప్పే యాక్సిలరోమీటరు ఉంటుంది. ఈ రెంటినీ కలిపి సెకనుకు ఎన్నో వందలసార్లు లెక్కచూసి, మూడు బ్రష్‌లెస్ మోటార్లకు ఎంత తిప్పాలో ఆజ్ఞ వెళ్తుంది.

స్టెడీక్యామ్‌కు బరువు మిత్రుడు, గింబల్‌కు బరువు భారం. ఈ ఒక్క తేడా నుంచే ఎంపికలో సగం ప్రశ్నలు తేలిపోతాయి. కిలోన్నర మిర్రర్‌లెస్ కెమెరాను స్టెడీక్యామ్ మీద పెడితే జడత్వం చాలక, గాలి వీచినా వేలు బలంగా తగిలినా తిరిగిపోతుంది. అందుకే చిన్న కెమెరా వాడవలసి వచ్చినప్పుడు అనుభవజ్ఞులు ఇనుప పలకలు కట్టి కావాలనే బరువు పెంచుతారు. విశాఖ బీచ్ లాంటి చోట పెద్ద రిగ్‌కు కూడా గాలి అడ్డుపెట్టడానికి ఒక మనిషి వస్త్రపు తెర పట్టుకుని పక్కన నడవాలి. ఆ గాలిలో గింబల్ మోటారు నిలబడగలదు, కానీ బరువు పెరిగితే మాత్రం అది అలసిపోతుంది, వేడెక్కుతుంది, చివరికి సన్నని కంపనం మొదలవుతుంది.

యాక్సిలరోమీటరుకు ఒక బలహీనత ఉంది. భూమ్యాకర్షణకూ, బండి మలుపు తిరిగేటప్పుడు పక్కకు తోసే వేగ మార్పుకూ తేడా దానికి తెలియదు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో 50 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు తిరుగుతున్న కారులో, దాని దృష్టికి 'కింద' అనేది 11 డిగ్రీలకు పైగా పక్కకు ఒరుగుతుంది. కాసేపటి మలుపైతే జైరో సర్దుతుంది. ఘాట్ రోడ్డులో వరస మలుపులైతే క్షితిజ రేఖ మెల్లగా ఒరగడం మొదలవుతుంది. కారు షాట్లలో ఫ్రేము ఒరిగిందని ఆపరేటర్లను తిట్టే దర్శకులు ఈ లెక్క తెలుసుకుంటే మంచిది. అలాంటి షాట్‌కు రోల్‌ను రిమోటుతో సవరించే రెండో మనిషి ఉండాలి.

ఏది కొనాలి, ఏది అద్దెకు తేవాలి

ముందుగా చూడవలసింది మీరు రోజూ తీసే షాట్లు. మీ పనిలో ఎక్కువ భాగం నిలబడి చేసే నెమ్మదైన కదలికలూ, దూరపు దృశ్యాలూ అయితే మంచి గింబల్ ఒక్కటే సరిపోతుంది. దగ్గరి ముఖాలతో నడక ఎక్కువైతే గింబల్‌కు తోడుగా ఎగుడుదిగుడును మింగే చేయి ఒకటి కావాలి. స్టెడీక్యామ్ చేయికి గింబల్ తగిలించుకునే ఏర్పాట్లున్నాయి. ఎగుడుదిగుడుకు స్ప్రింగులు, తిరుగుడుకు మోటార్లు కలిసి పనిచేసే పెద్ద పరికరాలూ వచ్చాయి. కర్ట్ షాలర్ రూపొందించిన ఆరీ ట్రినిటీ అలాంటిదే. మొత్తం ఒకే షాట్‌గా అనిపించే '1917' (2019)లో దాన్ని విరివిగా వాడారు. అది కొనుక్కునే వస్తువు కాదు, పెద్ద నిర్మాణాలు ఆపరేటరుతో సహా అద్దెకు తెచ్చుకునేది.

గింబల్ పెట్టె మీద మోయగల బరువు అని ఒక అంకె ఉంటుంది. డీజేఐ ఆర్ఎస్ 3 ప్రోకు 4.5 కిలోలు, రోనిన్ 2కు 13.6 కిలోలు. ఆ అంకెను నేను గరిష్ఠంగా చూస్తాను, అందులో మూడొంతులకు మించి ఎక్కించమని ఎవరికీ చెప్పను. లెన్సు ముందుకు పొడుగ్గా ఉంటే బరువు పరిమితిలోనే ఉన్నా బ్యాలెన్సు కుదరకపోవచ్చు. మ్యాట్ బాక్సు, ఫోకస్ మోటారు, వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ కూడా బరువే. ఇవన్నీ కూడి చూసుకోకుండా కొన్నవాళ్లు షూటింగ్ రోజున లొకేషన్లో ఒక్కొక్కటీ తీసేస్తూ కూర్చుంటారు.

బరువు గింబల్‌కే కాదు, మనకూ ఉంది. 4 కిలోల సరంజామాను అర మీటరు ముందుకు చాచి పట్టుకుంటే భుజం కీలు మీద పడే మెలిక సుమారు 20 న్యూటన్ మీటర్లు. మోచేతులు ఒంటికి ఆనించి పావు మీటరుకు తెచ్చుకుంటే అందులో సగం. మధ్యాహ్నం మొదలై మర్నాటి తెల్లవారుజాము ముహూర్తం దాకా సాగే పెళ్లిలో ఈ సగం చాలా పెద్ద సగం. స్వీడన్ కెమెరామన్ యోహాన్ హెల్స్టెన్ 1990లలో తెచ్చిన ఈజీరిగ్ ఇలాంటి అవసరంలోంచే పుట్టింది. వీపు మీద నుంచి తల మీదుగా వచ్చే తీగకు కెమెరా వేలాడుతుంది, బరువు తుంటి మీదికి దిగుతుంది. ఎక్కువ గంటలు పనిచేసేవాళ్లు రెండో గింబల్ కొనేకంటే ఇలాంటి ఆధారం కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

స్టెడీక్యామ్ కొనదలచినవాళ్లకు సెకండ్‌హ్యాండ్ బజారు పనికొస్తుంది, ఎందుకంటే మంచి చేయి, మంచి గింబల్ బేరింగు పదేళ్లయినా పనిచేస్తాయి. అయితే చూసుకోవలసినవి ఉన్నాయి. బేరింగును మూడు దిశల్లోనూ అతి నెమ్మదిగా తిప్పాలి. ఎక్కడైనా పట్టినట్టు, గరుకుగా అనిపిస్తే వద్దు. ఆ ఒక్క గరుకు ప్రతి నెమ్మదైన పాన్‌లోనూ కనిపిస్తుంది. చేయి మీద మీరు వాడే బరువే పెట్టి పైనుంచి కింది దాకా నెట్టి చూడాలి. వెస్టు మీ ఒంటికి సరిపోవాలి. ఇంకొకరి కొలతకు కుదిరిన వెస్టు ఎంత ఖరీదైనదైనా మీ నడుముకు శత్రువే.

కెమెరా బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంది కదా, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు కదా అని అడుగుతారు. సెన్సరును కదిపే ఏర్పాటు నిలబడి తీసే షాట్‌కు బాగా ఉపయోగం. గింబల్ మీద పెట్టి నడిస్తే వైడ్ లెన్సులో ఫ్రేము మూలలు జెల్లీలా సాగుతాయి, కాబట్టి ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ తీసి పోల్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ విషయంలో ఒక హద్దు ఉంది. 25 ఫ్రేములతో తీస్తూ షట్టరు 1/50 సెకను పెట్టినప్పుడు, ఆ యాభయ్యో వంతు సెకనులో కెమెరా కదిలి ఉంటే బొమ్మ అలికినట్టు నమోదవుతుంది. తర్వాత ఫ్రేమును ఎంత కచ్చితంగా సర్దినా ఆ అలుకుడు పోదు. నిశ్చలంగా ఉన్న బొమ్మ ఉన్నట్టుండి మసకబారి మళ్లీ తేటపడుతూ ఉంటుంది.

చేతిలోకి వచ్చాక

గింబల్ బ్యాలెన్సు చేసేటప్పుడు మోటార్లు ఆపి ఉండాలి. బ్యాటరీ, కార్డు, ఫిల్టరు అన్నీ ఎక్కించి, లెన్సు మూత తీసి, జూమ్ వాడబోయే స్థానంలో పెట్టి మొదలుపెట్టాలి. ముందు టిల్ట్: కెమెరాను ముందుకు చూసేలా వదిలితే నిలవాలి, ఆకాశంవైపు తిప్పి వదిలినా అక్కడే నిలవాలి. ఈ రెండోది చాలామంది చూసుకోరు. ఆ తర్వాత రోల్, చివరికి పాన్. పాన్ కోసం పిడిని ఏటవాలుగా పట్టుకుని చూస్తే, గింబల్ చేయి ఎటూ జారకుండా ఉండాలి. బ్యాలెన్సు తప్పినా మోటారు బలంతో కెమెరా నిలబడుతుంది కాబట్టి తప్పు వెంటనే కనిపించదు. గంట తర్వాత వేడిగానో, బ్యాటరీ ముందే అయిపోవడంగానో, బొమ్మలో సన్నని కంపనంగానో బయటపడుతుంది. మోటారు బలం మరీ పెంచినా అదే కంపనం వస్తుంది.

స్టెడీక్యామ్‌లో కొలత వేరు. స్లెడ్‌ను, అంటే కెమెరా, గొట్టం, బ్యాటరీ కలిసిన నిలువు భాగాన్ని, అడ్డంగా పట్టుకుని వదిలితే కింది కొస నిలువుకు రావడానికి రెండు మూడు సెకన్లు పట్టాలి. ఒక్క సెకనులో పడిపోతే కింద బరువు ఎక్కువైందన్నమాట. అలాంటి రిగ్‌తో నడక మొదలుపెట్టినా, ఆగినా లోలకంలా ఊగుతుంది. మరీ నెమ్మదిగా పడితే నిలువు ఎటో దానికే తెలియనట్టు ఉంటుంది, మొత్తం భారం వేళ్ల మీద పడుతుంది. ఆపైన స్లెడ్‌ను నిలువుగా గిరగిరా తిప్పి చూడాలి. తిరుగుతున్నప్పుడూ నిటారుగా ఉంటేనే బ్యాలెన్సు పూర్తయినట్టు. నిలబడి ఉన్నప్పుడు సరిగ్గా ఉండి, తిప్పగానే ఒరిగితే బ్యాటరీని ముందుకో వెనక్కో జరపాలి.

చేతుల పని చెప్పడం సులువు, ఒంటబట్టడానికి నెలలు పడుతుంది. ఒక చేయి స్ప్రింగు చేతిని పట్టుకుని కెమెరా ఎక్కడ ఉండాలో చూసుకుంటుంది. రెండో చేతి బొటనవేలూ రెండు వేళ్లూ బేరింగు కింద గొట్టాన్ని తాకీ తాకనట్టు పట్టుకుని, కెమెరా ఎటు చూడాలో చెబుతాయి. బలంగా పట్టుకుంటే జడత్వం వల్ల వచ్చిన లాభమంతా పోతుంది. కొత్తవాళ్ల పిడికిలి బిగుసుకోవడానికి కారణం భయం. అది పోవడానికి సాధనే మార్గం: గోడ మీద అడ్డంగా, నిలువుగా రెండు టేపులు అంటించి, వాటి కూడలిని ఫ్రేము మధ్యలో ఉంచుతూ ముందుకూ వెనక్కూ నడవాలి. ఆగిన క్షణంలో ఫ్రేము కూడా ఆగుతోందా లేదా అన్నది అసలు పరీక్ష. కదులుతున్నప్పుడు అందరి షాటూ బాగుంటుంది, మొదలుపెట్టడంలోనూ ఆపడంలోనూ పనితనం బయటపడుతుంది.

గింబల్ పట్టినవాళ్లకు స్ప్రింగుల చేయి ఉండదు కాబట్టి మోకాళ్లే స్ప్రింగులు. మోకాళ్లు కొద్దిగా వంచి, ముందుకు నడిచేటప్పుడు మడమ ముందు ఆనించి పాదాన్ని నిదానంగా దించాలి. వెనక్కి నడిచేటప్పుడు మునివేళ్లు ముందు ఆనాలి. దీనికీ హద్దుంది, మెట్ల మీద, గుడి ప్రాకారంలోని ఎగుడుదిగుడు రాళ్ల మీద ఏ నడకా పూర్తిగా కాపాడదు. అక్కడ వైడ్ లెన్సు వేసుకుని, దగ్గరి వస్తువులను ఫ్రేము బయట ఉంచడమే తెలివైన పని. ఫోకసు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. గింబల్ మీద ఉండగా చేత్తో లెన్సు తిప్పలేం. ఆటోఫోకస్ నమ్మదగినది కాకపోతే వైర్‌లెస్ ఫోకస్ మోటారూ, దాన్ని నడిపే ఫోకస్ పుల్లరూ ఉండాలి.

అసలు కదలకుండా ఉండాల్సిన వేళలూ ఉన్నాయి. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఆపరేటరు చుట్టూ తిరగాలని చూస్తే పురోహితుడికీ, అక్షింతలు వేసే పెద్దలకూ అడ్డమవుతాడు, ఫ్రేములోకి భుజాలు తప్ప ఏమీ రావు. ఆ క్షణానికి స్టాండు మీద కదలని కెమెరా ఒకటి ఉండి తీరాలి. ఎప్పుడు కదలకూడదో తెలిసిన ఆపరేటరే వృత్తిలో నిలబడతాడని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక నిర్మాతలకూ, ప్రొడక్షన్ మేనేజర్లకూ ఒక మనవి. పూర్తి స్టెడీక్యామ్ కట్టుకున్న మనిషి ఒంటి మీద కెమెరా, స్లెడ్, చేయి, వెస్టు కలిపి 20 నుంచి 35 కిలోలు ఉంటాయి. దర్శకుడు నటులతో మాట్లాడుకునేంతసేపూ ఆ బరువుతో అతన్ని నిలబెట్టకండి. నడక రిహార్సళ్లు రిగ్ లేకుండానే జరపండి, టేకుకూ టేకుకూ మధ్య రిగ్ వేలాడదీసే స్టాండు పక్కనే ఉంచండి. వెనక్కి నడిచే ప్రతి షాట్‌కూ, నడుము దగ్గర వెస్టు పట్టుకుని మెట్టు ఎక్కడుందో కేబుల్ ఎక్కడుందో చెప్పే అసిస్టెంటును తప్పకుండా పెట్టండి. ఆ ఒక్క మనిషి బేటా మిగుల్చుకోవాలని చూడకండి.